ఎప్పుడు చూసినవ్ సారూ?

చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్నది ఒక మూఢనమ్మకం. నేను మూఢనమ్మకాల మీద నలభై ఏళ్ళుగా కత్తి కట్టినవాణ్ణి కనుక ముందే చెప్పేస్తున్నాను: ఆయన మహా విసిగించే మనిషి.

ఆయన పోయిన కబురు ఫోన్లో వచ్చింది. "సర్దార్ పోయిండు సారూ" అన్నారు అవతలి నుంచి. నా నోట మొదట వచ్చిన మాట "ఎప్పుడు?" అయ్యో అనలేదు, ఎట్లా అని కూడా అనలేదు. ఫోన్ పెట్టేశాక అర్థమైంది, ఆ ప్రశ్న నాది కాదు, ఆయనదే. ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చొని దాన్ని నాకు అంటించి పోయాడు.

పేరు రాయను. రాస్తే మన పాఠకులు ముందు అందులో కులాన్ని వెతుకుతారు, తర్వాత మతాన్ని, ఓపిక మిగిలితే మనిషిని. అందరూ సర్దార్ అనేవాళ్ళు, మనకూ అది చాలు. సర్దార్ అంటే తలపాగా కాదు, బొగ్గుగనిలో ఒక ఉద్యోగం. కార్మికులు పనిచోటికి చేరకముందే సర్దార్ వెళ్ళి దీపంతో గ్యాస్ ఉందేమో చూడాలి. చేతికర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడును బట్టి బండ గట్టిగా ఉందో వదులైందో చెప్పాలి. చూసిన చోట చాక్‌పీసుతో తేదీ, టైం, పొడి సంతకం పెట్టాలి. నల్లటి బొగ్గు గోడ మీది ఆ తెల్లటి రాతను నమ్ముకొని మనుషులు లోపలికి పోతారు.

ముప్పై ఏళ్ళు ఈ పని చేసి ఆయన రిటైరయ్యాడు గానీ ఆ పని ఆయన్నుంచి రిటైర్ కాలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ముక్క. ఇంట్లో పాలగిన్నె మూత మీద టైం, పెరుగు గిన్నె మీద టైం, గ్యాస్ సిలిండర్ మీద తేదీ. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో ఆగి, కర్రతో స్లాబును నాలుగుచోట్ల తట్టి, చెవి పెట్టి విని, "పర్లేదు, కూసుండొచ్చు" అన్నాడు. కాంట్రాక్టర్ ఇచ్చిన హామీ కంటే ఆ మాట మీదే మా ఆవిడకు ఎక్కువ గురి కుదిరింది.

ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "ఎప్పుడు చూసినవ్?"

ఒకసారి పాల్వంచ బస్టాండులో ఇద్దరం భద్రాచలం బస్సు కోసం నిలబడ్డాం. కిటికీ వెనకాల కూర్చున్నాయన ఐదింటికి బస్సు ఉందన్నాడు.

"ఎప్పుడు చూసినవ్?" అన్నాడు సర్దార్.

"రోజూ ఐదింటికేనయ్యా."

"రోజూ సంగతి కాదు, ఇయ్యాల సంగతి. డిపోకు ఎప్పుడు ఫోన్ జేసినవ్?"

"ఏంది పెద్దాయనా, నా మీద ఎంక్వైరీనా?"

"ఎంక్వైరీ అని నీ కిటికీ మీదనే రాసున్నది గదా బిడ్డా."

కిటికీ వెనకాయన తిట్టుకుంటూ ఫోన్ తీశాడు. బస్సు ఇల్లెందు దగ్గర చెడిపోయి ఉంది. మేం ఆటో ఎక్కాం. ఇట్లాంటివి పది సార్లలో ఒకసారే జరుగుతాయి. మిగిలిన తొమ్మిది సార్లు ఆయన వల్ల వరసలో వెనకున్నవాళ్ళు మమ్మల్ని తిట్టడమే జరుగుతుంది. గుళ్ళో కూడా ఊరుకునేవాడు కాదు. ప్రసాదం దోసిట్లో పడగానే, "ఎప్పుడు వండిండ్రు పంతులుగారూ?" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన దేవుణ్ణి పెట్టిన ఇబ్బంది, నేను ఒక వ్యాస సంపుటి మొత్తంతో పెట్టలేకపోయాను.

అవును, గుడికి వెళ్ళేవాడు. దర్గాకూ వెళ్ళేవాడు. మా స్నేహం నిండా ఉన్న తగాదా అదే.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు హేతువాద సంఘం తరఫున ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒక ఎండాకాలం కాలేజీ ల్యాబులో ఆసక్తి ఉన్న ఎవరికైనా ఉచితంగా పైథాన్ అనే ప్రోగ్రాం భాష నేర్పుతానని బోర్డు పెట్టాను. వచ్చిన పదిహేను మందిలో అరవై దాటినవాడు ఆయన ఒక్కడే. పొట్టి చేతుల చొక్కా, చేతిలో కర్ర, కుడి దండచేతికి నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు. నా కళ్ళు నేరుగా దాని మీదికే వెళ్ళాయి. వృత్తి అటువంటిది.

"ఈ వయసులో ఇదంతా ఎందుకండీ?" అన్నాను.

"ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల చీకట్ల తిరిగిన సారూ. గంతకంటే చీకటేమున్నది దీంట్ల?"

"మరి ఆ చీకట్లో ఆ రాగి ముక్క ఏమన్నా వెలుగిచ్చిందా?"

క్లాసు గొల్లుమంది. ఆయన చేయి చూసుకున్నాడు, నన్ను చూశాడు. "దానికి వెలుగెందుకు సారూ, దీపం నా చేతుల ఉండె" అన్నాడు. ఈసారి క్లాసు నన్ను చూసి నవ్వింది. చర్చల్లో పండిపోయిన నాకు అట్లాంటి జవాబు రావడం తక్కువ. ఆ రోజు నుంచి ఆయనకు తాయెత్తు సర్దార్ అని పేరు పెట్టాను. మా ల్యాబులో ఏసీ ఎముకలు కొరికేది. రెండో రోజు నుంచి ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. నా దాడి మాత్రం ఆగలేదు. "చొక్కా కప్పితే అజ్ఞానం దాగుతుందా?" అనేవాణ్ణి. ఆయన చిన్నగా నవ్వేవాడు.

మూడో వారమనుకుంటాను, నా పాఠంలోనే నన్ను పట్టుకున్నాడు. టైం చూపించే చిన్న ప్రోగ్రాం రాసి, తెర మీద నడుస్తూ ఉండగానే వేరే విషయంలోకి వెళ్ళిపోయాను. అరగంట తర్వాత చేయి ఎత్తాడు.

"సారూ, నీ గడియారం సచ్చిపోయింది."

మీట నొక్కాను. అదే టైం. మళ్ళీ నొక్కాను. అదే. "అది కొంచెం సాంకేతిక విషయం. ప్రోగ్రాం మొదలైనప్పుడే టైం ఒకసారి చూసి దాచుకుంటుంది. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ దాచుకున్నదే చెబుతుంది. మనం రాసిన తీరును బట్టి ఉంటుంది. ముందు ముందు పాఠాల్లో వస్తుంది" అన్నాను.

"ముందుగాల రావాలె సారూ గది" అన్నాడు. "షిఫ్ట్ మొదట్ల చూసిన టైం షిఫ్టంత రాసుకుంట పోతే బాయిల సస్పెండ్ జేస్తరు. మనుషులు సస్తరు గదా."

తెల్లవారుజామున చూసిన గ్యాస్ మధ్యాహ్నానికి ఉండదనీ, మధ్యాహ్నం లేని గ్యాస్ సాయంత్రానికి పుట్టొచ్చనీ, అందుకే గోడ మీద గ్యాస్ లేదని రాస్తే సరిపోదు, ఎప్పుడు లేదో రాయాలనీ ఆ రోజు క్లాసుకు చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కొందరు సర్దార్లు పనిచోటు దాకా నడవడానికి బద్ధకించి, పొద్దున చూసిందానికే ఇప్పటి టైం వేస్తారట. దాన్ని వాళ్ళు దొంగచాక్ అంటారు. "గ్యాస్ కంటే గదే డేంజర్ సారూ. గ్యాస్ ఉన్నదని తెలిస్తే మనిషి ఉరుకుతడు. దొంగచాక్ చూసి నిమ్మలంగ పోయి కూసుంటడు." క్లాసంతా వింది. నేను గడియారం చూసుకుంటున్నాను, సిలబస్ వెనకబడుతోందని.

రెండేళ్ళ తర్వాత మా సంఘంలో కొందరం గోదావరి ఒడ్డు ఊళ్ళకు వరద కబురు పంపే పని ఎత్తుకున్నాం. భద్రాచలం కరకట్ట దగ్గర సైకిల్ షాపు నడిపే ఒక మిత్రుడు గంటకోసారి స్నానాల ఘాటుకు వెళ్ళి నీటిమట్టం చూసి తన ఫోన్లో అంకె కొడతాడు. అది మా ఇంట్లోని కంప్యూటర్‌కు వస్తుంది. అక్కడి నుంచి ఒడ్డు ఊళ్ళలో పేరు నమోదు చేసుకున్నవాళ్ళందరికీ మెసేజ్ పోతుంది. ప్రోగ్రాం రాసింది నేను. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి కూర్చునే చోట అంకె మాట్లాడబోతోందని ఒక పత్రికలో గొప్పగా రాసుకున్నాను కూడా.

సర్దార్ వచ్చి మొదటి మెసేజ్ చదివి అడిగింది మీరు ఊహించిందే. "ఎప్పటి మట్టం ఇది? టైం ఏది?"

విసుక్కుంటూ టైం చేర్చాను. నాలుగు నిమిషాల పని. మెసేజ్ పంపే చోటే గడియారం చూసి ఆ టైం అతికించేటట్టు రాశాను. ఆయన సంతోషించాడు. ఎట్లా రాశానో ఆ రోజు అడగలేదు. దీన్ని ఆయన చివరిదాకా తన తప్పుగానే చెప్పుకున్నాడు. నిజానికి నాదే.

ఇక ఆ శ్రావణం సంగతి. పైన ఎక్కడో వానలు, మాకు ఎండ. నది పెరుగుతోందని రేడియో చెబుతోంది. చర్ల రోడ్డు నుంచి నదివైపు లోపలికి ఒక కోయ ఊరు ఉంది. ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు, వాగు మీద కల్వర్టు. గోదావరి పెరిగితే నీళ్ళు వాగులోకి వెనక్కి తన్నుతాయి. కల్వర్టు మునిగితే ఊరు దీవి అయిపోతుంది. మా మెసేజ్‌లను ఆ ఊళ్ళో చదివి చెప్పేది ఆశా కార్యకర్త. సర్దార్ ఆ పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అక్కడికి పోయాడు. మెసేజ్ పంపేవాడి పక్కన కాదు, చదివేవాళ్ళ పక్కన కూర్చొని చూడాలట.

మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ చేశాడు. నా ఎదురుగా సంఘం మిత్రులు నలుగురు ఉన్నారు. స్పీకర్ పెట్టాను, ముచ్చట అందరూ వింటారని.

"సారూ, నీ కబురు ఏమంటున్నది?"

"నలభై ఒక్క అడుగు. మొదటి హెచ్చరిక కన్నా కిందే. రెండు గంటల మెసేజ్ ఇప్పుడే వెళ్ళింది."

"ఎప్పుడు చూసినవ్?"

"ఇప్పుడే బాబూ! టైం కూడా ఉందిగా, మీరు పెట్టమన్నదే."

"పన్నెండింటికి కల్వర్టు గోడకు చాక్‌తోని గీత గీసిన. మునిగింది. పైన ఇంకోటి గీసిన. గదీ మునిగింది. మూడోది గీసుకుంట నీకు ఫోన్ జేస్తున్న."

"వాగుకు పైన ఎక్కడో వాన పడి ఉంటుంది."

"వాన నీళ్ళయితే నది దిక్కు పోవాలె. ఇవి ఉల్టా వస్తున్నయ్. ఆకులు, పుల్లలు ఊరి దిక్కు కొట్టుకొస్తున్నయ్. కండ్లతోని చూస్తున్న."

మిత్రులు నన్నే చూస్తున్నారు. నాకు పౌరుషం వచ్చింది. "సర్దార్ గారూ, ఒకపక్క మీ సుద్దముక్క గీత, ఇంకోపక్క కొలిచిన అంకె. ఏది నమ్మమంటారు?"

"నమ్ముడెందుకు సారూ, నీకు నమ్ముడు పడదు గదా. తెరిచి చూడు."

ఫోన్లో వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. ఆశా కార్యకర్త. "పెద్దాయనా, ఎవరూ కదుల్తలేరు. మెసేజ్ల మంచిగనే ఉన్నది గదా అంటున్నరు. ఆ పిల్లకు రేపో మాపో కాన్పు, ఆమె అత్త కూడా గదే మాట." తర్వాత ఎవరినో కోయలో గట్టిగా కేకలేసింది.

కాన్పు అన్న మాటతో నా పౌరుషం సగం దిగింది. రెండో ఫోన్ తీసి సైకిల్ షాపు మిత్రుడికి కలిపాను. "అరే, గంట గంటకూ కొడుతనే ఉన్న సార్!" అన్నాడు. "పదకొండుకే మొదటి హెచ్చరిక దాటింది. ఇప్పుడు నలభై ఆరు. మీకు రాలేదా?"

వచ్చింది. మా కంప్యూటర్‌కు అన్ని అంకెలూ వచ్చాయి. వచ్చిన అంకెలన్నీ వరసగా ఒకచోట ఉన్నాయి. పోయిన మెసేజ్‌లలో మాత్రం పొద్దుటి నుంచి నలభై ఒకటే. పక్కన టైం మాత్రం గంట గంటకూ మారుతోంది.

స్పీకర్ ఫోన్లో సర్దార్ అంతా విన్నాడు. "కబురు పంపే ఫైలు తెరువు. మీదికెల్లి చదువు" అన్నాడు.

నాది రెండు ఫైళ్ళ ప్రోగ్రాం. వచ్చిన అంకెను ఉంచుకునేది ఒకటి, మెసేజ్ పంపేది ఇంకొకటి. పంపే ఫైలు మొదటి వరుస చదివాను: మట్టం ఫైలు నుంచి ఇప్పటి మట్టాన్ని తెచ్చుకో.

"ఆగు. గక్కడనే. ఎప్పుడు తెచ్చుకున్నది?"

నేను ఆ వరుసనే మళ్ళీ చదివాను.

"సారూ, ఎప్పుడు?"

"ప్రోగ్రాం మొదలైనప్పుడు."

"ఎప్పుడు మొదలువెట్టినవ్?"

"పొద్దున ఆరింటికి."

"గదీ సంగతి. ఆరింటికి ఒక్కపారి పోయి నంబరు జేబుల ఏసుకొచ్చింది. అవతల మట్టం మారుతనే ఉన్నది. ఇది మాత్రం మళ్ళ పోయి అడుగలే, జేబులకెల్లి గదే తీస్తున్నది. దాని మీద నువ్వేమో ఇప్పటి టైం ఏస్తున్నవ్. దొంగచాక్ సారూ ఇది."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఈ తప్పు చెప్పినవాణ్ణి నేను. విలువను మొదట్లోనే పట్టుకొచ్చి పేరుకు కట్టేస్తే, తర్వాత అసలుచోట ఎంత మారినా ఆ పేరు పాత విలువనే పలుకుతుందని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఇచ్చినవాణ్ణి. నేను పరీక్షించి చూసినప్పుడల్లా బాగానే ఉండేది, ఎందుకంటే చూసిన ప్రతిసారీ ప్రోగ్రాంను కొత్తగా మొదలుపెట్టేవాణ్ణి. కొత్తగా మొదలైన ప్రతిసారీ అది నిజమే చెప్పేది. ఆ తర్వాతి గంట నుంచే అబద్ధం. ఆ గంట నేను ఎప్పుడూ కూర్చొని చూడలేదు.

ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. నలభై ఆరు పోయింది. ఫోన్లో అవతల ఆశా కార్యకర్త ఫోన్ కూత వినిపించింది. ఆమె గొంతు పెంచి చదివింది. సర్దార్ గొంతు: "మెసేజ్ సంగతి సారు చూసుకుంటడు, మీరు నీళ్ళ సంగతి చూసుకోండ్రి. ట్రాక్టర్ ఏదిరా? ముందుగాల ఆ బిడ్డను ఎక్కియ్యుండ్రి. కోళ్ళు తర్వాత!"

నాలుగు కాకముందే కల్వర్టు మునిగింది. అప్పటికి ట్రాక్టర్ ఐదు ట్రిప్పులు వేసింది. చివరి ట్రిప్పులో సర్దార్, ఆశా కార్యకర్త, కోళ్ళు. ఆ అమ్మాయికి మూడో రోజు భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మునిగిన కల్వర్టుకు అవతల పుట్టాల్సింది. ఆ పిల్లకు ఎవరన్నా జాతకం రాసి ఉంటే, అందులో నా ప్రోగ్రాం మొదటి వరుసను కూడా ఒక దుష్టగ్రహంగా వేయాలి.

ఆ సాయంత్రమే రోడ్డు మీద బడిలో మనుషులను దింపి మళ్ళీ ఫోన్ చేశాడు. "మార్చినవా?"

"గంటకోసారి నేనే ఆపి మళ్ళీ మొదలుపెడతాను, కంగారు లేదు."

"నువ్వు మరిచిపోయిన గంట ఎవల మీద పడ్తది?"

మార్చాను. పంపే ఫైలు ఇప్పుడు అంకెను వెంట తెచ్చుకోదు. అవతలి ఫైలు ఎక్కడుందో తెలిస్తే చాలు. మెసేజ్ పంపే ప్రతిసారీ పోయి తలుపు కొట్టి, ఇప్పుడెంత అని అడుగుతుంది. టైం కూడా పంపే చోటు నుంచి తీసేశాను. ఘాటు దగ్గర అంకె కొట్టినప్పుడే టైం దాని వెంట వస్తుంది. చూసినవాడి టైం, చెప్పినవాడిది కాదు. రెండు రోజుల తర్వాత ఆయన కర్రతో సహా మా ఇంటికి వచ్చి, మిగిలిన వరుసలన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూశాడు. "ఒక్కచోట బండ వదులైందంటే పక్కన గూడ ఉంటది" అన్నాడు. ఉంది. ఫోన్ నంబర్ల జాబితా కూడా అట్లాగే పొద్దున పట్టుకొచ్చి కూర్చుంది. ఆ రోజు కొత్తగా చేరినవాళ్ళకు కబురే పోవడం లేదు. దాన్నీ సరిచేశాం. సరిచేశాక మానిటర్ అంచు మీద చాక్‌తో తేదీ, టైం, పొడి సంతకం పెట్టాడు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని తుడవనివ్వదు.

తర్వాత ఖమ్మంలో మా సంఘం సభ జరిగింది. నేను చెలరేగిపోయాను. జాతకం అంటే ఏమిటి? పుట్టిన నిమిషంలో ఒక విలువ పట్టుకొచ్చి, మనిషి అరవై ఏళ్ళు మారుతూ పోతుంటే అదే చదవడం. కులమైతే మరీ ఘోరం, మనిషి మొదలు కాకముందే విలువ కట్టి కూర్చుంటుంది. మన సమాజమంతా ఈ ఒక్క తప్పు మీదే నడుస్తోందన్నాను. చప్పట్లు మోగిపోయాయి. ఆలోచన సర్దార్‌ది, చప్పట్లు నావి. ఆయనకు కొంత వాటా ఇద్దామని వెనక వరసలోకి చేయి చూపించాను. "అదిగో, ఈ తప్పును పట్టుకున్న మనిషి! విచిత్రం చూడండి, చేతికి ఇంకా తాయెత్తు కట్టుకునే ఉన్నాడు! యంత్రంలో తప్పు దొరికింది, దండ మీది తప్పు దొరకలేదు!"

సభ పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. లేచి నిలబడి చొక్కా చేయి పైకి మడవబోయాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ దించుకొని గుండీ పెట్టుకొని కూర్చున్నాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను. ఆ వాక్యం అంత బాగా పేలిందని వ్యాసంలో కూడా పెట్టాను. ఆ వ్యాసం పుస్తకంలోకి వెళ్ళింది. రెండో ముద్రణ ప్రూఫులు ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి. ఆయన చనిపోయిన వారమే వచ్చాయి.

పరామర్శకు వెళ్ళాను. పాల్వంచ రోడ్డులో రెండు గదుల ఇల్లు. వాళ్ళావిడ చాప వేసింది. బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో ఉండిపోయి మనిషిని తినేసిందని చెప్పింది. చివరి రోజుల్లో దవాఖానాలో కూడా మారలేదట. నర్సమ్మ బీపీ రాసుకొని పోతుంటే, "ఎప్పుడు చూసినవ్ బిడ్డా?" అన్నాడట. ఆ పిల్ల నాలుక కరుచుకొని, "పొద్దటిదే రాసిన తాతా" అని వెనక్కి వచ్చి పట్టీ చుట్టిందట. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు అలవాటైన దారిలోకే పోయాను.

"ఎంత తెలివైన మనిషి అక్కా. ఆ తాయెత్తు ఒక్కటి మాత్రం చివరిదాకా విప్పించలేకపోయాను."

ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఎప్పుడు చూసినవ్ సారూ?"

నాకు అర్థం కాలేదు.

"మీ కిలాసుకు వచ్చిన ఏడే ఇప్పేసిండు గదా. వాళ్ళమ్మ కట్టిందది, మొదటిపారి బాయి దిగేటప్పుడు, పైకప్పు మీద పడకుంట. ఒకరోజు స్నానం చేసి వచ్చి, ఇది బాయికని కట్టింది, బాయి దిగుడు బందయి ఎన్నేండ్లాయె, ఇంక దేనికిది అన్నడు. ఇప్పి అగో, ఆ కిటికీల పెట్టిండు. గంతే."

ఎనిమిదేళ్ళ నా వాదన, నా వ్యంగ్యం, నా ఉపన్యాసాలు ఏవీ ఆ దారాన్ని తాకను కూడా లేదన్నమాట. ఆయన తన ప్రశ్న తానే వేసుకొని విప్పేసుకున్నాడు. నేను మాత్రం మొదటి రోజు చూసిందాన్ని జేబులో వేసుకొని ఊరూరా తిరిగాను.

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"నేను గూడ గదే అన్న సారూ. సారు ఊకె అంటుంటడు గదా, చెప్పరాదు అన్న. చెప్తే ఏమొస్తది, సారు చూసేదాక చూద్దాం అన్నడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీటింగు నుంచి వచ్చిన రోజు మాత్రం మస్తు నవ్విండు. సారుకు కొట్లాడనీకి ఒకటుండాలె, ఉండనీ అన్నడు."

ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. ఫ్లాస్కు మీద చాక్‌తో టైం రాసి ఉంది. రాత ఆమెది.

ఇంటికొచ్చి ప్రూఫులు ముందేసుకున్నాను. చేతికి ఇంకా తాయెత్తు కట్టుకునే ఉన్నాడన్న ఆ వాక్యం కొట్టేద్దామని కలం పెట్టాను. కొట్టేస్తే తప్పు చేయనట్టే అవుతుంది. ఉండనిచ్చి, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస చేర్చమని ప్రెస్సుకు రాశాను: చూసింది మొదటి క్లాసు రోజు. తర్వాత చూడలేదు.